రెండూ కోవలెంటేనట, మరి ఒకటి గ్యాసు, ఇంకోటి ఇసుక ఎట్లయినయి?

నయీంనగర్_నాన్న

మా బిడ్డ ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. మొన్న వీక్లీ టెస్టుల ఒక ప్రశ్న వచ్చింది. కార్బన్ డయాక్సైడ్, సిలికాన్ డయాక్సైడ్ (అంటే ఇసుక), ఈ రెండిట్ల ఏది ఎక్కువ వేడికి కరుగుతది, ఎందుకు? కాలేజీ వాళ్లు ఇచ్చిన నోట్సుల ఒక పట్టిక ఉన్నది. బంధం అయానిక్ (ప్లస్, మైనస్ ఒకదాన్నొకటి గుంజుకునేది) అయితే గట్టిగ ఉంటది, ఎక్కువ వేడికి కరుగుతది. కోవలెంట్ (ఎలక్ట్రాన్లు పంచుకునేది) అయితే మెత్తగ ఉంటది, తక్కువ వేడికే కరుగుతది. ఈ పిల్ల ఏం రాసిందంటే, "రెండూ కోవలెంటే కాబట్టి రెండూ తక్కువకే కరగాలె. కానీ ఇసుక కరగంగ నేను ఎన్నడూ చూడలే. పట్టికల తప్పున్నది" అని. సున్న పడ్డది. ఒక్క మార్కు ప్రశ్నే, కనీసం అర మార్కన్న ఇయ్యలే. పోయి అడిగితే "అది ఎక్సెప్షన్, బట్టీ పట్టు" అన్నరట.

నేను చదివింది బీకాం. రాత్రి పదకొండు గంటలకు నన్ను నిలబెట్టి అడుగుతాంది. ఇసుక ఏమన్న ఎమ్మెల్యే కొడుకా, దానికొక్కదానికి రూలు వర్తించకపోవుడేంది? నాకు అర్థమయ్యేటట్టు ఎవరన్న చెప్పుండ్రి, నేను పోయి దానికి చెప్పుకుంట.

కాజీపేట_జంక్షన్

సున్న కాదు, ఆ పిల్లకు శాలువా కప్పాలె.

గ్రూప్స్_ప్రిపరేషన్

ఎక్సెప్షన్ అనుడు కరెక్టే అన్నా. వజ్రం, ఇసుక, ఈ రెండే ఎక్సెప్షన్లు. బిట్లల్ల వస్తయి. గుర్తు పెట్టుకుంటే ఖతం.

జేఎల్_కెమిస్ట్రీ

రెండే కాదు తమ్ముడూ. సిలికాన్ కార్బైడ్ ఉంది, బోరాన్ నైట్రైడ్ ఉంది, సిలికాన్ ఉంది. ఇన్ని ఎక్సెప్షన్లు ఉన్నాయంటే రూలే సరిగ్గా రాయలేదని అర్థం. అమ్మాయి చెప్పింది నిజం, పట్టికలోనే లోపం. అయితే ఆమె జవాబు కూడా సగంలో ఆగింది.

పదార్థం కరగాలంటే అందులో ఏది విడిపోవాలి అన్నది అడగాలి. బంధం పేరు అడిగితే చాలదు. మేడారం జాతర గుర్తు తెచ్చుకోండి. ఒక్కో కుటుంబం చేయీ చేయీ గట్టిగా పట్టుకుని నడుస్తుంది, పిల్లలు తప్పిపోకుండా. కానీ ఈ కుటుంబానికీ పక్క కుటుంబానికీ పట్టు లేదు. ఆ గుంపును చెదరగొట్టడానికి ఎవరి చేతులూ విడదీయనక్కర్లేదు. కార్బన్ డయాక్సైడ్ అలాంటిది. ఒక కార్బన్, రెండు ఆక్సిజన్లు, ముగ్గురి కుటుంబం (దీన్నే అణువు అంటాం), అక్కడితో సరి. అందుకే ఘనంగా ఉన్న డ్రై ఐస్ మైనస్ 78.5 డిగ్రీల దగ్గరే నేరుగా గ్యాసైపోతుంది.

ఇసుకలో అట్లా కాదు. ఒక్కో సిలికాన్ నలుగురు ఆక్సిజన్లను పట్టుకుంటుంది, ఒక్కో ఆక్సిజన్ ఇద్దరు సిలికాన్లను. ఎక్కడా కుటుంబం ముగియదు, జాతర మొత్తం చేయీ చేయీ కలిపి నిలబడినట్టు. దాన్ని కదపాలంటే చేతులు విడదీయాల్సిందే. అందుకే 1,700 డిగ్రీలు దాటాలి.

తమాషా ఏంటంటే, విడిగా ఒక్కో బంధాన్ని తూచితే కార్బన్ డయాక్సైడ్‌దే బలమైనది. అందులో కార్బన్, ఆక్సిజన్ మధ్య డబుల్ బాండు (రెండు చేతుల పట్టు) తెంచడానికి మోలుకు, అంటే ఒక నిర్ణీత లెక్క బంధాలకు, దాదాపు 800 కిలోజౌళ్ల శక్తి కావాలి. సిలికాన్, ఆక్సిజన్ మధ్య సింగిల్ బాండు సుమారు 450. బలమైన బంధం ఉన్నది గ్యాసైంది, అంతకంటే బలహీనమైన బంధం ఉన్నది బండైంది.

నయీంనగర్_నాన్న

సార్, ఈ ఆఖరు ముక్క చదివి మా బిడ్డ మంచం మీద నుంచి లేచి కూసున్నది. జాతర ముచ్చట నాకే అర్థమైందంటే ఇగ ఎవలకన్న అయితది.

జేఎల్_కెమిస్ట్రీ

సార్ కాదండీ, మేడం.

కాజీపేట_జంక్షన్

కెమిస్ట్రీ అనంగనే సార్ అనుకునుడు కూడ ఒక పట్టికే.

పెద్దసారు_జమ్మికుంట

మా కాలంలో వీటిని సమయోజనీయ బంధం, అయానిక బంధం, లోహ బంధం అని తెలుగులో చదువుకున్నాం. సమయోజనీయం అంటే పంచుకోవడం అని పేరులోనే తెలిసేది. కోవలెంట్ అంటే ఈ పిల్లలకు ఏమి తెలుస్తుంది?

గ్రూప్స్_ప్రిపరేషన్

సార్, సమయోజనీయం అంటే మాకు భోజనం గుర్తొస్తది.

పెద్దసారు_జమ్మికుంట

భోజనం కూడా పంచుకునేదే నాయనా.

బాయిదొర_గోదావరిఖని

నాది ఓ డౌటు. పెన్సిల్ల ఉండేది కార్బనే, వజ్రం కార్బనే, మేం తవ్వే బొగ్గూ కార్బనే అంటరు. మా చిన్నోడు అడిగిండు, ముప్పయ్యేండ్ల సంది బాయిల దిగుతున్నవు గదా డాడీ, ఒక్క వజ్రమన్న కాలేదా అని. ఏం చెప్పాలె?

జేఎల్_కెమిస్ట్రీ

పిల్లవాడికి చెప్పండి, వజ్రాలు తయారయ్యేది భూమిలో 150 కిలోమీటర్లూ అంతకంటే లోతున. మీ బాయి కొన్ని వందల మీటర్లే కదా. పైగా బొగ్గు ఒట్టి కార్బన్ కాదు. ఆరు కార్బన్ల వలయాల ముక్కలు, వాటికి అతుక్కుని హైడ్రోజన్, ఆక్సిజన్, కొద్దిగా గంధకం, నత్రజని. ఒక వరుస లేని గుట్ట అది.

పెన్సిల్ గ్రాఫైట్‌కు మాత్రం వరుస ఉంది. ప్రతి కార్బన్ ముగ్గురితో చేతులు కలిపి పలుచటి రేకు అవుతుంది. రేకులో కార్బన్‌కూ కార్బన్‌కూ దూరం 142 పికోమీటర్లు (పికోమీటర్ అంటే మీటరులో లక్ష కోట్లవ వంతు). రేకుకూ రేకుకూ మధ్య 335. మధ్య పట్టు లేదు కాబట్టి రేకులు జారి కాగితం మీద గీత పడుతుంది. వజ్రంలో ప్రతి కార్బన్ నలుగురితో, అన్ని వైపులా, 154 పికోమీటర్ల దూరంలో. జారడానికి రేకే లేదు. ఇక్కడా గమనించండి, గ్రాఫైట్ రేకులోని బంధం వజ్రంలోని బంధం కంటే పొట్టిది, బలమైనది కూడా.

మెషినిస్ట్_మడికొండ

మేడం చెప్పిన జారుడుల ఒక మెలిక ఉన్నది. రేకుల నడుమ పట్టు లేదు కాబట్టి జారుతది అనేది మొత్తం కథ కాదు. రేకుల అంచులకు, పైభాగానికి గాలిలోని తేమ అంటుకుంటెనే గ్రాఫైట్ మంచిగ జారుతది. రెండో ప్రపంచ యుద్ధం కాలంల విమానాలు బాగ ఎత్తుకు పోతే జనరేటర్ల కార్బన్ బ్రష్షులు (తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు పంపే గ్రాఫైట్ ముక్కలు) గబగబ అరిగి పొడయినయి. ఎందుకంటే అక్కడ గాలి పలుచన, తేమ లేదు. మా షాపుల మోటారు బ్రష్షులు మార్చేటప్పుడల్ల నాకు ఇదే యాదికొస్తది.

జేఎల్_కెమిస్ట్రీ

ఒప్పుకుంటున్నా. పుస్తకాల్లో ఇది ఉండదు, నేనూ పాఠంలో చెప్పను. రేపటి నుంచి చెబుతాను.

బాయిదొర_గోదావరిఖని

చిన్నప్పుడు టార్చిలైటు సెల్లు పగలగొట్టి నడుమ నల్ల కడ్డీ తీసి గోడల మీద రాసేటోళ్లం. అదీ గ్రాఫైటేనా? మరి దాంట్ల కరెంటెట్ల పోతది, లోహం కాదు గదా?

జేఎల్_కెమిస్ట్రీ

అదే. కార్బన్‌కు నాలుగు చేతులు, రేకులో మూడే వాడింది. మిగిలిన ఒక్కో ఎలక్ట్రాన్ ఎవరి సొంతం కాకుండా రేకంతా తిరుగుతుంటుంది. వజ్రంలో నాలుగు చేతులూ బిగిసిపోయాయి, తిరగడానికి ఎవరూ ఖాళీ లేరు. అందుకే వజ్రం కరెంటు పోనివ్వదు.

ఇదంతా ఒకే కార్బన్ అని నమ్మడానికి ఒకప్పటి వాళ్లకూ కష్టమే అయింది. 1797లో స్మిత్సన్ టెనెంట్ అనే ఇంగ్లీషాయన వజ్రాన్ని కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్ లెక్క చూసి, ఇది బొగ్గులో ఉన్న పదార్థమే అని తేల్చాడు.

కాజీపేట_జంక్షన్

ఆయన ఇంట్లోళ్లు ఏమన్నరో రాసి లేదా?

వెండితీగె_కరీంనగర్

మా ఇంట్ల నాలుగు తరాల సంది వెండి తీగ పని. పదో తరగతి ఫెయిలు నేను, కాబట్టి తప్పుంటే క్షమించుండ్రి. వెండిని బెజ్జాల ఇనుప పట్టీలకెళ్లి గుంజుతం, పెద్ద బెజ్జం, తర్వాత చిన్నది, ఇంకా చిన్నది, ఎంటికంత సన్నం దాక. నాలుగైదు బెజ్జాలు దాటినంక తీగ మొండికేస్తది, బిర్రుగయి పటుక్కున తెగుతది. అప్పుడు మంట మీద ఎర్రగ కాల్చి చల్లారిస్తే మళ్ల మెత్తగయితది. మా తాత "వెండికి అలుపొచ్చింది, నిద్ర పుచ్చాలె" అనేటోడు. అలుపు ఏంది, నిద్ర ఏంది? కరగలేదు గదా, బరువు తగ్గలేదు గదా, మరి లోపల ఏం మారింది?

జేఎల్_కెమిస్ట్రీ

అన్నా, మీ తాత మాట నేను క్లాసులో వాడుకుంటా, అనుమతి ఇవ్వండి.

ఉప్పు గల్లుతో మొదలుపెడితే మీ ప్రశ్న తేలికవుతుంది. ఉప్పులో సోడియం ప్లస్, క్లోరిన్ మైనస్, చదరంగం బల్ల మీద నలుపు తెలుపు గళ్లలా ఒకటి విడిచి ఒకటి. సుత్తెతో కొడితే ఒక వరుస ఒక గడి జరుగుతుంది. అప్పుడు ప్లస్ ఎదురుగా ప్లస్, మైనస్ ఎదురుగా మైనస్. రెండూ ఒకదాన్నొకటి తోసుకుని గల్లు పగిలిపోతుంది. వెండిలో పరమాణువులన్నీ ఒకే రకం, వాటి చుట్టూ ఎలక్ట్రాన్లు అందరి ఉమ్మడి సొత్తు. వరుస ఒక గడి జరిగినా పక్కవాళ్లు మళ్లీ అదే రకం వాళ్లు, పట్టు పోదు. అందుకే వెండి సాగుతుంది, ఉప్పు చిట్లుతుంది.

ఇక అలుపు. వరుస అంతా ఒక్కసారి జరగదు. తివాచీ కింద ముడత ఒక కొస నుంచి ఇంకో కొసకు జరిగినట్టు, అమరికలో ఒక లోపం నడుస్తూ పోతుంది. గుంజిన కొద్దీ ఇలాంటి లోపాలు పుట్టుకొచ్చి ఒకదానికొకటి చిక్కు పడతాయి. చిక్కు పడితే జరగలేవు, తీగ బిరుసెక్కుతుంది. కాల్చినప్పుడు వెండి కరగదు, కరగాలంటే 961 డిగ్రీలు కావాలి. కానీ పరమాణువులకు కదిలే శక్తి వస్తుంది, చిక్కులు విడి, కొత్త వరుసలు పుడతాయి. ఆ నిద్ర ఇదే.

వెండితీగె_కరీంనగర్

చిక్కు అనంగనే నాకు పట్టుబడ్డది మేడం. ఇంకో ముచ్చట, రాగి కలిపిన వెండి గుంజుడు ఇంకా కష్టం. మేం తీగ పనికి దాదాపు స్వచ్ఛమైనదే వాడుతం.

మెషినిస్ట్_మడికొండ

రాగి పరమాణువు సైజు వేరు గదా అన్నా. సాపుగ ఉన్న వరుసల నడుమ ఒక పొట్టోడు నిలబడితే ముడత నడవదు. అందుకే గిన్నెలకు, గ్లాసులకు 92.5 వెండి, మిగిలింది రాగి, గట్టితనం కోసం.

గ్రూప్స్_ప్రిపరేషన్

మేడం, ఇంతసేపటి సంది ఒకటి అడగాలనుకుంటున్న. ఉప్పు 801 డిగ్రీలు, చక్కెర 186 అని చదివిన. చక్కెర కోవలెంట్, విడి విడి కుటుంబాలు, అందుకే తక్కువ. ఇది మీ జాతర లెక్కల సరిపోయింది. నేను కరెక్టా?

అప్పాలమ్మ_హుజూరాబాద్

సరిపోయిందంటవు గానీ కొడుకా, చక్కెర కరిగి ఊకుంటదా? పొయ్యి మీద ఒట్టి చక్కెర పెట్టు, నీళ్లయేలోపల్నే ఎర్రగయి కమ్మటి వాసనొస్తది, ఇంకింత ఆగితే నల్లగ మాడుతది. చల్లారినంక మళ్ల చక్కెర కాదు. ఉప్పు కరిగి చల్లారితే ఉప్పే. ఇది ఒక్కటే రకం కరుగుడు ఎట్లయితది?

జేఎల్_కెమిస్ట్రీ

అమ్మా, మీరు నా కంటే ముందున్నారు. చక్కెర కుటుంబాల మధ్య పట్టు తక్కువేమీ కాదు. ఒక్కో చక్కెర అణువుకు ఎనిమిది హైడ్రాక్సిల్ గుంపులు (ఆక్సిజన్, హైడ్రోజన్ జతలు), పక్క అణువుతో హైడ్రోజన్ బంధాలు (అణువుకూ అణువుకూ మధ్య ఉండే పట్టు) కట్టుకుంటాయి. వాటిని విడదీసేంత వేడి ఇచ్చేసరికి కుటుంబం లోపలి చేతులు కూడా తెగడం మొదలవుతుంది. ఆ ఎరుపు, ఆ వాసన తెగిన ముక్కలు కొత్తగా కలిసినందువల్లే. అందుకే 186 అన్నది చక్కెర శుభ్రంగా కరిగే గీత కాదు. బిట్లలో రాయండి, నమ్మకండి.

అప్పాలమ్మ_హుజూరాబాద్

మరి వానకాలం దొడ్డుప్పు నీళ్లూరుతది, ప్యాకెట్ ఉప్పు అంతగ ఊరదు. అదేంది?

జేఎల్_కెమిస్ట్రీ

దొడ్డుప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కొంచెం ఉంటుంది. మెగ్నీషియం అయాన్ (ఛార్జి ఉన్న కణం) చిన్నది, దాని మీద రెండు ప్లస్‌లు. గాలిలోని నీటిని లాగి పట్టుకుంటుంది. శుభ్రమైన సోడియం క్లోరైడ్ అయితే గాలిలో తేమ 75 శాతం దాటితే గాని చెమర్చదు.

మెషినిస్ట్_మడికొండ

మేడం, మీ జాతరకు ఒక చిల్లు పొడుస్త, కోపగించుకోవద్దు. కర్పూరం. విడి కుటుంబాలే, హైడ్రోజన్ బంధాలు కట్టే గుంపులు కూడ దాంట్ల లేవు. డబ్బా మూత తెరిచి పెడితే గాలిల కలిసిపోతది, అంటే పట్టు మస్తు తక్కువ. కానీ కరిగేది దాదాపు 175 డిగ్రీల దగ్గర. ఎనిమిది గుంపుల చక్కెరతో సమానంగ! పట్టు తక్కువైతే తక్కువకే కరగాలె గదా?

కాజీపేట_జంక్షన్

ఇగ చూడుండ్రి, కర్పూరం ఎమ్మెల్యే అల్లుడు.

జేఎల్_కెమిస్ట్రీ

కోపం ఎందుకు, ఇదే అసలైన ప్రశ్న. రెండు రోజులు టైమివ్వండి అనాలనిపించింది కానీ జవాబు తెలుసు.

కర్పూరం అణువు దాదాపు గుండ్రం, గోలీకాయలా ఉంటుంది. గోలీకాయలను డబ్బాలో పోస్తే చక్కగా సర్దుకుంటాయి, అయినా ఒక్కోటి తన చోటనే గిర్రున తిరగగలదు. ఘనంగా ఉన్నప్పుడే కర్పూరం అణువులకు ఆ తిరిగే స్వేచ్ఛ ఉంది. కరగడం అంటే వరుస చెదిరి స్వేచ్ఛ రావడం. సగం స్వేచ్ఛ ముందే చేతిలో ఉన్నవాడికి కరిగితే కొత్తగా వచ్చే లాభం తక్కువ, కాబట్టి ఆలస్యంగా కరుగుతాడు. అదే గాలిలోకి ఎగిరిపోవడానికి పట్టు ఒక్కటే లెక్క, అది తక్కువ కాబట్టి మూత తీస్తే చాలు. అందుకే 175 దగ్గర కరిగి, 205, 210 వచ్చేసరికి మరిగిపోతుంది కూడా. ద్రవంగా ఉండేది ఆ కొద్ది దూరమే.

కాబట్టి బంధం పేరు ఒకటి, ఎవరు ఎవరిని పట్టుకున్నారన్నది రెండు, అణువు ఆకారం మూడు. మూడు గడుల పట్టిక గీస్తే ఒక్క పేజీలో పట్టదు, అందుకే నోట్సులో ఉండదు.

కొత్తవాడ_రంగులు

దర్రీల నూలుకు రంగేసేటోన్ని. మీ ముచ్చట్ల నా అనుభవం ఒకటి. మొదట్ల మేం వాడిన డైరెక్ట్ రంగులు ఉతికితే పోయేవి. అవి నూలుకు ఊరికె ఆనుకుని ఉంటయి, పట్టు లేదు. తర్వాత రియాక్టివ్ రంగులు పట్టుకున్నం. నూలు అంటే సెల్యులోజ్, దాని నిండ హైడ్రాక్సిల్ గుంపులే, మేడం చక్కెరకు చెప్పినయే. ముందు ఉప్పు వేస్తే రంగు నూలు మీదికి చేరుతది. తర్వాత సోడా వేస్తెనే అసలు బంధం పడతది, అది కోవలెంటే. ఇగ ఎన్ని ఉతుకులుతికినా పోదు.

ఒకసారి సగం పాలిస్టర్ కలిసిన దారం తక్కువకు దొరికిందని తెచ్చిన. అదే తొట్టి, అదే రంగు, అదే సోడా. తీసి ఆరేస్తే చారలు చారలు, సగం పోగులు తెల్లగనే ఉన్నయి. పాలిస్టర్‌కు ఆ గుంపులు లేవు, రంగు ఎవల చెయ్యి పట్టుకుంటది? ఇరవై రెండు కిలోల దారం మూలకు పడ్డది. ఇప్పటికీ మా ఆవిడ దాంతోని మంచాలకు నవారు అల్లిస్త అంటది.

అప్పాలమ్మ_హుజూరాబాద్

చారల దారం మంచిగుంటది బిడ్డ, అమ్ముకో.

ములుగు_మూర్తి

రామప్ప గుడి శిఖరం ఇటుకలు నీళ్ల మీద తేలుతయి గదా. అది ఏ బంధం మహిమ?

మెషినిస్ట్_మడికొండ

బంధం మహిమ కాదన్నా, బొక్కల మహిమ. కాల్చిన మట్టి బరువు మామూలే, కానీ ఇటుక నిండ గాలి గదులు. కట్టి 800 ఏండ్లు దాటింది, ఆ గదులు ఇంకా అట్లనే ఉన్నయి. బండల బంధం చూడాలంటే మన గ్రానైట్ చూడు. దాంట్ల మెరిసే అభ్రకం గోటితో పొరలు పొరలు లేస్తది, పక్కనున్న క్వార్ట్జ్‌కు మేకు గీసినా గీత పడది. రెండిట్లనూ ముఖ్యంగ ఉండేది సిలికాన్, ఆక్సిజనే. ఒకటి పొరలు, ఇంకోటి అన్ని దిక్కుల అల్లిక.

పెద్దసారు_జమ్మికుంట

ఉప్పును చదరంగం బల్లతో పోల్చారు కాబట్టి ఒక సంగతి. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్ కిరణాలతో చూసి, ఉప్పులో జంటలు లేవు, ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ఒక్కో క్లోరిన్ చుట్టూ ఆరు సోడియంలు అని చెప్పారు. కొడుక్కి 25 ఏళ్లకే 1915లో నోబెల్ వచ్చింది. అయినా 1927లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే 79 ఏళ్ల పెద్ద కెమిస్టు నేచర్ పత్రికలో దీన్ని ఎగతాళి చేస్తూ ఉత్తరం రాశాడు. ఉప్పుకు అణువు లేదంటే ఆయన మనసు ఒప్పలేదు. రూలు మారితే పెద్దవాళ్లకు కష్టమే.

గ్రూప్స్_ప్రిపరేషన్

నోట్సు రాసినోళ్లకు కూడ.

నయీంనగర్_నాన్న

నాలుగు రోజుల నుంచి ఈ చర్చ మా ఇంట్ల టీవీ సీరియల్ లెక్క నడుస్తాంది. బిడ్డ రెండు కర్పూరం బిళ్లలు తీసుకుని ఒకటి డబ్బాల, ఒకటి కిటికీల పెట్టింది. కిటికీలది సగమైంది. శుక్రవారం పూజకు బిళ్లలు లేక నేను దుకాణానికి ఉరికిన.

ఇంగ అదొక ప్రశ్న అడగమన్నది మేడం. "ఉప్పుకు అణువు లేదన్నరు. ఘనంల లేదు, సరే. కరిగినా అయాన్లే తిరుగుతయి, అందుకే కరిగిన ఉప్పుల కరెంటు పోతది. మరి ఇంకా కాసి ఆవిరి చేస్తే?"

జేఎల్_కెమిస్ట్రీ

ఆమెను నా క్లాసుకు పంపండి.

ఆవిరిలో ఉంటుంది. 1,400 డిగ్రీలు దాటి మరిగినప్పుడు ఒక సోడియం, ఒక క్లోరిన్ జంటగా ఎగిరిపోతాయి. జంటకు జంట కలిసి నలుగురైనవీ కొన్ని ఉంటాయి. అక్కడ మాత్రం ఉప్పు అణువు అనొచ్చు.

పెద్దసారు_జమ్మికుంట

అయితే ఆర్మ్‌స్ట్రాంగ్ గారికి ఆవిరిలో న్యాయం జరిగిందన్నమాట. ఆయనకు అర మార్కు ఇవ్వొచ్చు.

నయీంనగర్_నాన్న

మా బిడ్డకు రాని అర మార్కు ఆయనకిస్తిరా సార్.